సంక్రాంతి విషయంలో నిర్ణయం కుటుంబాలకు విడిచిపెట్టండి: సంఘ కాపరులకు ఒక బహిరంగ లేఖ

శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాలలోని క్రైస్తవ సంఘ కాపరులకు, డీకన్లకు, సంఘ పెద్దలకు బొబ్బిలి ప్రాంతపు సంఘ సభ్యుడొకడు ప్రభువు నామమున వందనాలు తెలియజేసి వ్రాసుకొనే మనవి.

అయ్యలారా, అమ్మలారా,

క్రిస్మస్‌కు ముందు జరిగే సెమీ క్రిస్మస్ కూడికలు మొదలైన నాటి నుంచి జనవరి రెండో ఆదివారం దాకా మన సంఘాలలో ఏటా ఒకే ప్రశ్న తిరుగుతూ ఉంటుంది. విశ్వాసుల ఇంట సంక్రాంతి చేసుకోవచ్చునా, కూడదా? కొన్ని సంఘాలలో దీనికి జవాబు వేదిక మీదినుంచే వస్తుంది. ముగ్గు వేయరాదు, అరిసెలు వండరాదు, ఆ మూడు రోజులలో కొత్త బట్టలు కట్టరాదు, పొరుగింటివారు పంపిన పిండివంటలు పుచ్చుకోరాదు, మాట మీరినవారిని ప్రభు భోజనానికి దూరంగా ఉంచుతాం అని ప్రకటిస్తారు. మరికొన్ని సంఘాలలో ఆ ఊసే ఎత్తరు. కాపరికి సంగతి తెలుసు, సభ్యులకూ తెలుసు, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ఆ వారం గడిచిపోతుంది. మొదటి పద్ధతి కుటుంబాలను భయపెడుతోంది, రెండోది వాటిని ఒంటరిగా వదిలేస్తోంది. ఈ రెండూ కాక మూడో దారి ఒకటి ఉన్నదనీ, అది లేఖనాలలో స్పష్టంగా కనిపిస్తున్నదనీ చెప్పుకోవడానికే ఈ లేఖ. మీరు బోధించండి, హెచ్చరించండి, ఏది ఆరాధనో ఏది కాదో విడదీసి చూపండి. ఆ తరువాత నిర్ణయం కుటుంబానికి విడిచిపెట్టి, వేర్వేరుగా నిర్ణయించుకున్న రెండు కుటుంబాలూ ఒకే బల్ల దగ్గర రొట్టె విరుచుకోగలిగేలా చూడండి.

మన జిల్లాలలో పండుగలన్నీ ఒకే రకం కావు. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరిగినా, రథసప్తమికి అరసవల్లిలో భక్తులు బారులు తీరినా మన సంఘాలలో ఎవరికీ సందేహం కలగదు. అవి మన పొరుగువారి ఆరాధన దినాలు, వాటిని గౌరవిస్తాం, వాటిలో పాల్గొనం. మొక్కు ఎవరికో, ప్రసాదం ఎక్కడిదో అక్కడ దాపరికం లేదు కనుక మనకు తికమక లేదు. సంక్రాంతి అలా కాదు. దానికి ఊరంతటికీ కలిపి ఒక గుడి లేదు, ఒక పూజారి లేడు. అందులో పూజ ఉన్నది, పంట ఉన్నది, పశువు ఉన్నది, చనిపోయిన పెద్దలు ఉన్నారు, కొత్త అల్లుడు ఉన్నాడు, ప్రభుత్వ సెలవు ఉన్నది. అది కేవలం పంటల పండుగేనని, మతంతో సంబంధమే లేదని చెప్పే మన చదువుకున్న యువకుల మాట పూర్తిగా నిజం కాదు. అది ఆద్యంతం విగ్రహారాధనేనని చెప్పే కొందరు బోధకుల మాట కూడా అంతే. ఈ రెండు మాటలూ చెప్పడానికి తేలిక. ఇంట్లో పాటించబోయేసరికి రెండూ నిలవవు.

ఈ పండుగ మన కుటుంబాలను ఎందుకింతగా లాగుతుందో ముందు గమనించాలి. మన గ్రామ సంఘాలలో చాలామంది కూలికి వెళ్ళేవారు, కౌలుకు చేసేవారు. నాగావళి, వంశధార కాలువల కింద ఖరీఫ్ వరి ఊడ్చినది వారే, కోసినది వారే, కుప్ప వేసి నూర్చినది వారే. చేను ఎవరిదైనా చాకిరీ వారిది. ధాన్యం ఇంటికి చేరి, కొత్త బెల్లం బజారుకు వచ్చి, చేతిలో నాలుగు రూపాయలు ఆడే రోజులలో ఊరంతా పండుగ చేసుకుంటూ ఉంటే, అది తమది కాదని ఈ కుటుంబాలకు చెప్పడమంటే వారి ఏడాది కష్టంలో సంతోషపు భాగాన్ని వేరొకరికి రాసి ఇమ్మనడమే అవుతుంది. ఇంకొక సంగతి. హైదరాబాదుకో, చెన్నైకో, భువనేశ్వరానికో నిర్మాణ పనులకు వలస వెళ్ళిన మన పిల్లలకు క్రిస్మస్‌కు మేస్త్రీ సెలవు ఇచ్చినా ఇవ్వకపోయినా, సంక్రాంతికి మాత్రం పనే ఆగిపోతుంది. విజయనగరం, చీపురుపల్లి, శ్రీకాకుళం రోడ్, పలాస స్టేషన్లలో ఆ వారం సంచులతో దిగే జనంలో మన సంఘాల బిడ్డలూ ఉంటారు. ఏడాదికొకసారి అన్నదమ్ములు, ఆడపడుచులు, మేనమామలు కలిసి కూర్చొని అన్నం తినే రోజులు అవే. పెళ్ళి మాటలు, భూమి పంపకాలు, పాత తగవుల సర్దుబాట్లు అప్పుడే జరుగుతాయి. ఆ కుటుంబాలలో సగం మంది సంఘానికి వచ్చేవారు, సగం మంది రానివారు. అలాంటి ఇంట్లో ‘పండుగ చేయకండి’ అనే ఒక్క మాట నలుగురికి నాలుగు అర్థాలుగా వినబడుతుంది.

లేఖనాలలో ఈ ప్రశ్నకు అతి దగ్గరగా వచ్చే భాగం, నాకు తెలిసినంతలో, ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయం. ఇశ్రాయేలు రైతు పంట ప్రథమఫలాలను గంపలో పెట్టుకొని దేవుని సన్నిధికి వస్తాడు, తన పితరులు ఐగుప్తులో పడిన కష్టం చెప్పుకుంటాడు, ఆ తరువాత ఇంటివారితోనూ, మందిర సేవ చేసే లేవీయునితోనూ, తమ మధ్యనున్న పరదేశితోనూ కలిసి సంతోషించాలని 11వ వచనం ఆజ్ఞాపిస్తుంది. పంట చేతికి వచ్చినందుకు సంతోషించడం అక్కడ అనుమతి కాదు, ఆజ్ఞ. ఆ సంతోషం గోడలు కట్టుకొని చేసుకొనేది కాదు, పరదేశిని కూడా కలుపుకొనేది. అదే అధ్యాయం మూడు వచనాలు దాటగానే, పదియవ వంతు అర్పించిన తరువాత ఆ రైతు దేవుని ముందు ఒక మాట పలకవలసి ఉంటుంది: ఇందులో దేనినీ చనిపోయినవారికి పెట్టలేదు అని. అంటే పంట సంబరమూ, చనిపోయినవారికి అన్నం పెట్టే ఆచారమూ ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉండడం మన ఉత్తరాంధ్ర పల్లెలకు మాత్రమే వచ్చిన చిక్కు కాదన్నమాట. మోషే ధర్మశాస్త్రం ఆ చిక్కును ఎదుర్కొన్నది, పంట సంతోషాన్ని రద్దు చేయకుండా, రెంటినీ విడదీసి ఒకటి ఉంచి, ఒకటి తీసివేసింది. మనం కాపరులను అడుగుతున్నదీ అలా విడదీసి చెప్పమనే.

విడదీయడం మొదలుపెడితే అసలు కష్టం ఎక్కడున్నదో తెలుస్తుంది. అరిసెలు, పోకుండలు, జంతికలు వండుకోవడంలో ఏ విశ్వాసమూ లేదు. బియ్యప్పిండి, బెల్లం, నూనె. కొత్త బట్టలు కూడా అంతే. వాకిట్లో ముగ్గు వేయడం ఏడాది పొడవునా మన స్త్రీలు చేసే పనే, పండుగకు కాస్త పెద్దదిగా వేస్తారు. కానీ ఆ ముగ్గు మధ్యలో గొబ్బెమ్మను నిలిపి, పసుపు కుంకుమ పెట్టి, గౌరీదేవిగా భావించి పాటలు పాడుతూ తిరగడం పూజ. దానికి వేరే పేరు పెట్టలేము. చలిలో భోగి మంట దగ్గర వీధివారితో నిలబడి చేతులు కాచుకోవడం ఒకటి, ఆ మంటకు పూజ చేసి మొక్కుకోవడం వేరొకటి. పసిపిల్లల తల మీద రేగుపండ్లు, చిల్లర నాణేలు, పూలరేకులు కలిపి భోగిపళ్ళు పోసేది దిష్టి తీయడానికి. చూడడానికి ఎంత ముచ్చటగా ఉన్నా, బిడ్డ క్షేమం దేవుని చేతిలో ఉన్నదని నమ్మే ఇంట్లో దానికి చోటు లేదని నా అభిప్రాయం. మా ఇంట్లో పోయలేదు. మరొకరు పోస్తే వారిని వెలివేయవలసినంత నేరమని మాత్రం అనను. గంగిరెద్దులవాడు వాకిటికి వస్తే దోసెడు బియ్యం పోయడం దానధర్మం. కనుమ నాడు ఎద్దును కడిగి, కొమ్ములకు రంగు పూసి, ఆ రోజు దాని మెడ మీద కాడి పెట్టకుండా ఉండడం నోరులేని జీవం పట్ల కృతజ్ఞత. దానికి హారతి ఇవ్వడం కృతజ్ఞత దాటి ముందుకు వెళ్ళడం.

పెద్దలకు పెట్టుకోవడం వీటన్నింటిలోకీ కష్టమైనది. మన వైపు సంక్రాంతి నాడు చనిపోయిన తల్లిదండ్రుల పేరున కొత్త బట్టలు, వారికి ఇష్టమైన వంటలు పటం ముందు పెట్టి, వారు తృప్తి పొందారని భావించిన తరువాతే ఇంటివారు తింటారు. మన సంఘాలలోకి వచ్చిన మొదటి తరం వారికి దీనిని వదలడం గుడి వదలడం కంటే కష్టం. దేవుడిని మార్చుకున్నానని అన్నకు చెప్పగలిగిన తమ్ముడు, అమ్మకు ఈ ఏడాది బట్టలు పెట్టనని చెప్పలేడు. ‘మీ దేవుడు కన్నవారిని మరిచిపొమ్మన్నాడా’ అన్న ఒక్క ప్రశ్నకు జవాబు లేక తిరిగి వెళ్ళిపోయినవారు కూడా ఉన్నారు. చనిపోయినవారికి ఆహారం పెట్టడం విషయంలో లేఖనం స్పష్టంగా ఉన్నది గనుక అక్కడ నేను రాజీ అడగడం లేదు. అయితే పెట్టకూడదు అని చెప్పి ఊరుకుంటే, కన్నవారిని సన్మానించుమన్న ఆజ్ఞకు ఆ ఇంట్లో ఆ రోజు రూపం లేకుండా పోతుంది. మనమే సమాధుల పండుగ నాడు గోరీలకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థన చేసుకుంటున్నాం. అక్కడ స్మరణకూ ఆరాధనకూ మధ్య తేడా మనకు బాగా తెలుసు. ఆ తేడానే సంక్రాంతి నాడు కూడా ఇంటింటా నేర్పవచ్చు. తల్లి ఫోటోకు పూలదండ వేసి, ఆమె బతికిన తీరును మనుమలకు చెప్పి, ఆమె పేరున కొన్న చీరను ఊరిలో ఒక వృద్ధురాలికి ఇచ్చే ఇంటిని ఎవరు తప్పు పట్టగలరు? పటం ముందు అన్నం పెట్టే అన్నయ్య పక్కన నిలబడి, అందులో చేయి పెట్టకుండా, అమ్మ గురించి ఒక ప్రార్థన చేసే తమ్ముడిని ఎవరు తప్పు పట్టగలరు?

ఈ విషయంలో తొందరపాటు ఎంత ఖరీదైనదో సంఘ చరిత్రలో ఒక పాఠం ఉన్నది. చైనాలో క్రైస్తవులు చనిపోయిన పూర్వికుల పేర్లు రాసిన పలకల ముందు వంగి నమస్కరించడం ఆరాధనా, మర్యాదా అన్న వివాదం మిషనరీల మధ్య దశాబ్దాలు నడిచింది. మర్యాద మాత్రమేనని కతోలిక సంఘంలోని యేసు సభ గురువులు (జెస్యూట్లు) వాదించారు, విగ్రహారాధనేనని ఇతరులు వాదించారు. రోము, అంటే కతోలిక సంఘాన్ని ఏలే పోపు పీఠం, 1715లో దానిని నిషేధించింది, 1742లో ఆ నిషేధాన్ని మరింత బిగించింది. కోపించిన చైనా చక్రవర్తులు మిషనరీలకు తలుపులు మూశారు. దాదాపు రెండు శతాబ్దాలు గడిచాక 1939లో అదే రోము, చనిపోయినవారి ముందు, వారి చిత్రాల ముందు తల వంచడం పౌర మర్యాదగా చేయవచ్చునని అనుమతించింది. మనలో ఎక్కువమంది బాప్తిస్టులం, లూథరన్లం, పెంతెకొస్తువారం; రోము నిర్ణయాలు మనల్ని బంధించవు. అయినా ఆ మధ్య కాలంలో ఇటు సంఘానికీ అటు తల్లిదండ్రులకీ మధ్య నలిగిన కుటుంబాల సంగతి మనం తలచుకోదగినదే.

ఇక మనకే వర్తించే ఒక ప్రశ్న అడుగుతాను, పెద్దలు కోపగించవద్దు. డిసెంబరు 31 రాత్రి మన మందిరాలన్నీ వాచ్ నైట్ ఆరాధనలతో నిండిపోతాయి. పన్నెండు కొట్టగానే కేకు కోస్తాం, బైబిలు వాగ్దానం రాసిన కార్డులు తీసుకుంటాం, కొత్త బట్టలు కడతాం. జనవరి 1ని సంవత్సరాదిగా మనకు ఇచ్చినది బైబిలు కాదు. ఆ నెల పేరు జానస్ అనే రోమా దేవతది. ఆ రోజున రోమీయులు ఒకరికొకరు కానుకలు పంపుకొనేవారు, గుమ్మాలకు దీపాలు, ఆకుల తోరణాలు కట్టేవారు. సుమారు క్రీ.శ. 200 ప్రాంతంలో కార్తేజీలో ఉన్న తెర్తుల్లియను అనే సంఘ పండితుడు, అన్యుల గుమ్మాల కంటే క్రైస్తవుల గుమ్మాలకే ఎక్కువ దీపాలు, తోరణాలు కనబడుతున్నాయని మండిపడ్డాడు. ఇంగ్లండులో సైతం 1752 వరకు చట్టప్రకారం సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. క్రిస్మస్ సంగతీ అంతే: ఇంగ్లండు పార్లమెంటు 1647లో దానిని రద్దు చేసింది, మసాచుసెట్స్‌లో 1659 నుంచి 1681 వరకు ఆ రోజు పండుగ చేసుకున్నవారికి ఐదు షిల్లింగుల జరిమానా ఉండేది, స్కాట్లండులో అది 1958 దాకా ప్రభుత్వ సెలవే కాదు. వారు అవిశ్వాసులు కారు, ఆ తేదీకి లేఖనంలో ఆధారం లేదని భావించిన గట్టి బైబిలు విశ్వాసులు. వారి ప్రమాణం మనకు పెడితే, మన మందిరాల మీద వేలాడే నక్షత్రం మొదటగా దిగివస్తుంది. జనవరి 1ని మానమని నేను అనడం లేదు, వాచ్ నైట్ నాకు ఎంతో ఇష్టం. అన్యుల తేదీ ఒకదానిని తీసుకొని, అందులోని దేవతను తీసివేసి, దేవునికి కృతజ్ఞతగా వాడుకోవడం మనకు చేతనైన పనేనని, ఏటా చేస్తున్న పనేనని గుర్తు చేస్తున్నాను. పడమటి నుంచి వచ్చిన తేదీకి ఇచ్చిన అవకాశాన్ని మన కళ్ళంలో పుట్టిన తేదీకి ఎందుకు ఇవ్వకూడదు? మన కీర్తనలకు పైన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. ఆ రాగాలు గుళ్ళలో పాడినవి కావా? వాటిని మన పెద్దలు నిస్సంకోచంగా తీసుకున్నందువల్లే ఈనాటికీ మన ముసలివాళ్ళు వాటిని చూడకుండా పాడగలుగుతున్నారు.

ఇంత చెప్పినా, సంక్రాంతి చేసుకోని కుటుంబాలు వెనకబడినవని, ఛాందసమైనవని నేను అనను, అలా అనేవారిని సమర్థించను. రోమీయులకు వ్రాసిన పత్రిక 14వ అధ్యాయంలో పౌలు, ఒకడు ఒక దినాన్ని మరొక దినం కంటే మంచిదని ఎంచుతాడు, మరొకడు అన్ని దినాలూ సమానమని ఎంచుతాడు అని చెప్పి, ఎవరిది తప్పో తేల్చకుండా, ప్రతివాడూ తన మనస్సులో తాను రూఢిపరచుకోవాలని ముగిస్తాడు. తినేవాడు తిననివాడిని తృణీకరించకూడదు, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదు. ఈ రెండు తప్పులలో మన సంఘాలలో రెండోది కేకలు వేస్తుంది కనుక అందరికీ కనబడుతుంది. మొదటిది చిరునవ్వులో దాగి ఉంటుంది. నిన్న మొన్నటి వరకు గొబ్బెమ్మ ముందు దీపం పెట్టి, ఈ ఏడాదే బాప్తిస్మం పొందిన స్త్రీకి ముగ్గు పిండి చేతిలోకి తీసుకుంటేనే పాత భక్తి అంతా కదిలి రావచ్చు. ఆమె ముగ్గు మానుకుంటే అది ఆమె విశ్వాసం. ముత్తాతల కాలం నుంచి క్రైస్తవులైన ఇంట్లో పుట్టిన పిల్లకు అదే ముగ్గు చుక్కలు, గీతలు, రంగులు మాత్రమే. ఈ ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఇద్దరికీ ఒకే ప్రకటన చదివితే ఇద్దరిలో ఒకరికి అన్యాయం జరిగి తీరుతుంది. రెండో పిల్ల చేయవలసినది ఒకటున్నది: మొదటి స్త్రీ తన ఇంటికి వచ్చినప్పుడు ఆమె మనస్సాక్షి నొచ్చుకోకుండా చూసుకోవడం, అవసరమైతే ఆ ఏడాదికి తన ముగ్గు తాను మానుకోవడం. అది ఆమె ప్రేమతో చేయవలసినదే కాని, డీకన్లు వాకిళ్ళు తిరిగి చూసి రాసుకొని చేయించవలసినది కాదు.

పిండివంటల విషయంలో పౌలు మరింత సూటిగా మాట్లాడాడు. కొరింథు పట్టణంలో అంగడిలో అమ్మే మాంసంలో కొంత గుడి నుంచి వచ్చినదే. అయినా అమ్మినదేదో మనస్సాక్షి కోసం ఏమీ అడగకుండా తినమన్నాడు. అవిశ్వాసి విందుకు పిలిస్తే, వెళ్ళడానికి మనసైతే, వడ్డించినది అడగకుండా తినమన్నాడు. ఇది బలి అర్పించినది అని ఎవరైనా చెప్పితే మాత్రం, చెప్పినవాని కోసం తినవద్దన్నాడు. 1 కొరింథీయులకు 10వ అధ్యాయంలోని ఈ నాలుగు మాటలు పండుగ నాటి మన పళ్ళెం మీద అతికినట్టు సరిపోతాయి. పొరుగింటి అమ్మ అరిసెలు తెచ్చి ‘పిల్లలకు పెట్టండి’ అంటే కళ్ళకద్దుకొని పుచ్చుకోవచ్చు. ‘ఇది ప్రసాదం’ అని ఇస్తే, మర్యాద తగ్గకుండా, ‘మేము ప్రసాదం పుచ్చుకోమమ్మా, మీ చేతి వంట మరొకటి ఏదైనా ఇవ్వండి’ అని చెప్పవచ్చు. మన పొరుగువారికి ఇది అర్థం కానిది కాదు. వారిలో ఉపవాసాలు, నోములు ఉన్నవారు తాము ఏది తింటారో ఏది తినరో రోజూ చెప్పుకుంటూనే ఉంటారు. వారిని నొప్పించేది మన నియమం కాదు, గుమ్మంలోనుంచే పళ్ళెం తిప్పి పంపడం. ఇంకొక మాట: క్రిస్మస్ నాడు మనం పంపిన కేకును, పలావును వారు పుచ్చుకుంటున్నారు గదా.

అన్య కుటుంబాలలో కోడళ్ళుగా ఉన్న మన ఆడపిల్లల గురించి ప్రత్యేకంగా అడుగుతున్నాను. ప్రకటన వేదిక మీద చదివేది పురుషుడు, దానిని వంటింట్లో మోసేది ఆమె. అత్తవారింట అరిసెల పాకం పట్టనని చెప్పగలిగే స్వేచ్ఛ ఆమెకు లేదు. పడితే సంఘంలో తల దించుకోవాలి. రెండవ రాజుల గ్రంథం 5వ అధ్యాయంలో కుష్ఠు నయమైన నయమాను, ఇకపై యెహోవాకు తప్ప ఎవరికీ బలి అర్పించనని చెప్పి, తన రాజు తన చేతి మీద ఆనుకొని రిమ్మోను గుడిలో మొక్కేటప్పుడు తానూ వంగవలసి వస్తుందని, ఆ ఒక్క విషయంలో క్షమాపణ కావాలని అడిగాడు. ఎలీషా అతనికి నియమాల పట్టిక ఇవ్వలేదు, నెమ్మదితో వెళ్ళమని పంపాడు. ఇందాక పేర్కొన్న తెర్తుల్లియను అంతటి కఠినుడు కూడా, పెళ్ళికి, నామకరణానికి, బంధువుల ఇంటి శుభకార్యానికి వెళ్ళడంలో దోషం లేదని, మనం వెళ్ళేది మనిషి కోసమని, బలిలో చేయి కలపనంత వరకు అక్కడ నిలబడి ఉండవచ్చని ఒప్పుకున్నాడు. ఆయన ఒప్పుకున్న పాటి మనం మన కోడళ్ళకు ఒప్పుకోలేమా?

బడుల సంగతి కూడా కాపరుల దృష్టికి రావాలి. సెలవులకు ముందు చాలా పాఠశాలలలో సంక్రాంతి సంబరాలు జరుపుతున్నారు. పిల్లకు ముగ్గుల పోటీ ఉంటుంది, పిల్లవాడికి హరిదాసు వేషం ఇస్తారు. ముగ్గుల పోటీకి పంపడానికి నాకు అభ్యంతరం లేదు. హరిదాసు తల మీద అక్షయపాత్రతో హరినామ కీర్తనలు పాడుతూ తిరిగే భక్తుడు. ఆయన భక్తిని మన పిల్లవాడు నటించడం ఆయన పట్ల కూడా అమర్యాదే అనిపిస్తుంది. ఆ వేషం బదులు రైతు వేషం ఇమ్మని ఉపాధ్యాయులను అడిగితే కాదనరు. ఇలాంటి చిన్న చిన్న ఎంపికలు తల్లిదండ్రులు చేయగలరు, మీరు వారికి ఆలోచించే తీరు నేర్పితే. పట్టిక ఇస్తే, పట్టికలో లేనిది ఎదురైన మొదటి రోజే వారు తడబడతారు.

పండుగలో నిజంగా గద్దించవలసినది ఉన్నది. కనుమ మధ్యాహ్నానికి మాంసంతో పాటు సీసా, సాయంత్రానికి పేకాట, రాత్రికి కొట్లాట. వలస కూలి డబ్బు ఏడాదంతా చెమటోడ్చి తెచ్చినది మూడు రోజులలో ఆవిరి కావడం, పండుగ కోసం వడ్డీకి తేవడం, భార్య పుస్తెలు తాకట్టుకు పోవడం మన సంఘ కుటుంబాలలో కూడా జరుగుతున్నాయి. అరిసెల మీద చేసిన ప్రసంగాలలో సగమైనా దీని మీద చేయాలని కోరుకుంటున్నాను. కనుమ నాడు కాకైనా కదలదని మన పెద్దలు సామెత చెప్పారు. ఆ రోజు మనవాళ్ళంతా ఊళ్ళోనే ఉంటారు కనుక కాపరి ఇళ్ళకు వెళ్ళడానికి అంతకంటె మంచి రోజు దొరకదు.

చేయదగిన పనులు కొన్ని మీ ముందుంచుతున్నాను. మన సంఘాలలో కోత పండుగ కొత్తది కాదు. ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్ళు తెచ్చి దేవునికి అర్పించి, ఆరాధన తరువాత వేలం పాడుకోవడం చాలాచోట్ల ఉన్నది. దానిని ఎవరికీ తీరిక లేని ఏదో ఆదివారం కాక, వలస వెళ్ళినవారంతా ఊరిలో ఉండే సంక్రాంతి వారంలోకి మార్చండి. తమిళనాడులో అనేక కతోలిక దేవాలయాల ఆవరణలో పొంగలి వండి కృతజ్ఞతా ఆరాధన జరుపుతున్నారు. మనం అంతదూరం వెళ్ళినా వెళ్ళకపోయినా, కొత్త బియ్యంతో వండిన అన్నం మందిరం ఆవరణలో అందరం కలిసి తినడానికి ఏ సిద్ధాంతమూ అడ్డు రాదు. ఆ భోజనానికి సంఘానికి రాని అన్నదమ్ములను, పొరుగువారిని పిలవండి; ద్వితీయోపదేశకాండం పరదేశిని కలుపుకొమ్మన్నది గదా. డిసెంబరులోనే ఒక వారపు కూడికను రోమా 14, 1 కొరింథీ 8, 10 అధ్యాయాల చదువుకు కేటాయించి, స్త్రీలను మాట్లాడనివ్వండి, ముఖ్యంగా మిశ్రమ కుటుంబాలలో ఉన్నవారిని. మొదటి తరం విశ్వాసులను పెద్దలకు పెట్టుకొనే సమయంలో ఒంటరిగా వదలకుండా, ఆ ఉదయం సంఘం నుంచి ఎవరైనా ఒకరు వారి ఇంటికి వెళ్ళి వారి తల్లిదండ్రులను స్మరించి ప్రార్థన చేయండి. ఇది అన్నిటికంటె అత్యవసరమని నా నమ్మకం.

చివరిగా, ఏ సంఘంలోనైనా ముగ్గు వేసినందుకో, అరిసెలు తిన్నందుకో, కొత్త బట్టలు కట్టినందుకో ప్రభు భోజనానికి దూరంగా ఉంచబడిన సభ్యులు ఉంటే, రాబోయే సంక్రాంతి దాకా ఆగకుండా, ముందు వచ్చే బల్ల ఆరాధనకే వారిని పేరు పెట్టి పిలవవలసిందిగా కోరుతున్నాను. ఈ లేఖలోని వాదనను తిరస్కరించే కాపరులు తమ కారణాలను లేఖనాధారంగా సంఘం ముందు ఉంచితే, శ్రద్ధగా వింటాను, అంగీకరించదగినది అంగీకరిస్తాను.

ఇట్లు,
ప్రభువునందు మీ సహోదరుడు,
బొబ్బిలి ప్రాంత సంఘ సభ్యుడు